కాపలా లేని రోజు కోసం

కిందికి చూడండి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే లోతెంతో కంటికి అందదు. అడుగున ఉక్కు చట్రాల్లో ఇంధన కడ్డీల కట్టలు వరుసలు తీరి నిలబడి ఉన్నాయి. ఒక్కో కట్ట పొడవు 4 మీటర్ల పైమాటే. కొన్నేళ్లు రియాక్టర్ లోపల వేడి పుట్టించి, ఆ వేడితో ఊళ్లకు ఊళ్లకే కరెంటిచ్చి, సత్తువ తగ్గాక ఇక్కడికి చేరాయి. మీకూ వాటికీ మధ్య కొన్ని మీటర్ల నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. వాటిని చల్లబరుస్తున్నవీ ఆ నీళ్లే, మిమ్మల్ని కాస్తున్నవీ ఆ నీళ్లే. రియాక్టర్ నుంచి అప్పుడే తీసిన కట్ట పక్కన ఏ అడ్డూ లేకుండా నిలబడితే, ప్రాణం తీసే మోతాదు సెకన్లలోనే ఒంటికెక్కుతుంది.

మీరున్నది ఫిన్లాండ్ పశ్చిమ తీరంలో, బోత్నియా సింధుశాఖ ఒడ్డున, ఓల్కిలువోటో ద్వీపంలో. బయట పైన్ చెట్లు, బూడిదరంగు సముద్రం, మూడు రియాక్టర్లు. మొదటిది 1978లో గ్రిడ్‌కి కలిసింది, మూడోది 2023లో పూర్తిస్థాయి ఉత్పత్తికి వచ్చింది. వాడేసిన ఇంధనం ఇలాంటి కొలనుల్లో దాదాపు 40 ఏళ్లు ఉంటుంది. ఈలోగా దాని రేడియోధార్మికత మొదట్లో ఉన్నదాంట్లో వెయ్యో వంతుకు పడిపోతుంది. చిక్కంతా మిగిలిన ఆ వెయ్యో వంతుతోనే. సీజియం-137 30 ఏళ్లకోసారి సగమవుతూ పోతుంది కాబట్టి కొన్ని వందల ఏళ్లకు దాని పీడ వదులుతుంది. ప్లుటోనియం-239 సగం కావడానికి 24,100 ఏళ్లు కావాలి. అయొడిన్-129కి కోటిన్నర ఏళ్ల పైచిలుకు. ఈ కట్టల్లోని రేడియోధార్మికత, అసలు యురేనియం ఖనిజంలో ఉండే స్థాయికి దిగాలంటే లక్ష ఏళ్లు దాటాలి.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. హాలంతా సన్నటి హోరు. నీళ్లను తిప్పే పంపులది. ఆ పంపులు ఆడుతూ ఉండాలి. నీటిమట్టం పడిపోకూడదు. చెడిన పరికరాన్ని గుర్తుపట్టే ఇంజనీరు ఉండాలి, గేటు దగ్గర గార్డు ఉండాలి, నెల తిరిగేసరికి వాళ్లిద్దరికీ జీతమిచ్చే సంస్థ ఉండాలి, ఆ సంస్థను నిలదీసే ప్రభుత్వం ఉండాలి. ఇవన్నీ ఉన్నంతకాలం ఈ కొలను భద్రమే. 1957 సెప్టెంబర్ 29న సోవియట్ యూనియన్‌లోని మాయక్ కర్మాగారంలో ద్రవ వ్యర్థాల ట్యాంకును చల్లబరిచే ఏర్పాటు చెడిపోయింది. సకాలంలో ఎవరూ సరిచేయలేదు. ట్యాంకు పేలింది. ఆ ధూళి వందల కిలోమీటర్ల దూరం పరుచుకుంది, వేలమంది ఊళ్లు వదలాల్సి వచ్చింది.

నేలపైనే ఉంచుదామనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. నెదర్లాండ్స్ ఆ దారే పట్టింది. వ్లిసింగెన్ రేవు దగ్గర మందపాటి కాంక్రీటు గోడల మధ్య తన వ్యర్థాలను కనీసం వందేళ్లు ఉంచుతామంది. ఆ భవనానికి ముదురు నారింజ రంగు వేశారు. లోపలి వేడి తగ్గేకొద్దీ రంగునూ లేతపరుస్తూ పోవాలన్నది ఆలోచన. పంపులు అక్కర్లేని పొడి పెట్టెలు చాలా దేశాల్లో ఉన్నాయి. రేపు ఇంతకంటే మంచి విద్య దొరికితే తేలిగ్గా బయటికి తీసుకోవచ్చు. అదీ వాళ్ల బలం. కానీ వందేళ్ల తర్వాత? ఆ తర్వాతి వందేళ్లు? కాపలా కాసేవాళ్లు లేని రోజున ఇది ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్ననే మనసులో పెట్టుకుని కిందికి వెళ్దాం. ఎందుకంటే ఏ పద్ధతినైనా తూచాల్సింది దీనితోనే.

హెల్మెట్ పట్టీ బిగించండి. మెరిసే పట్టీల జాకెట్, రబ్బరు బూట్లు, మీరు లోపలున్నారని పైవాళ్లకు తెలియజెప్పే ట్యాగ్, అన్నీ సరిచూసుకుని వ్యాన్ ఎక్కండి. కొండేమీ లేదు ఇక్కడ. చదును నేలలో నల్లగా తెరుచుకున్న సొరంగం. వాడేసిన ఇంధనాన్ని శాశ్వతంగా పాతిపెట్టడానికి 2004లో తొలవడం మొదలుపెట్టిన ఓంకలో ఇదే. పదడుగులు ముందుకు వెళ్తే ఒకడుగు కిందికి దిగేలా, మెలికలు తిరుగుతూ దాదాపు 5 కిలోమీటర్లు సాగుతుంది. మొదటి మలుపుతోనే పగటి వెలుగు పోతుంది. హెడ్‌లైట్ల కాంతిలో గోడలు తడితడిగా మెరుస్తున్నాయి. కొన్నిచోట్ల సిమెంటు చిమ్మారు, కొన్నిచోట్ల రాయిని అలాగే వదిలేశారు. బూడిద, నలుపు, లేత గులాబీ చారలు కలగలిసిన గ్నీస్ రాయి. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. దానిమీద స్ప్రే పెయింట్ గీతలు, అంకెలు. ప్రతి పగులునూ, నీరు చెమ్మగిల్లే ప్రతి చోటునూ భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తుపెట్టుకున్న ఆనవాళ్లు అవి.

ఇంత కష్టపడి భూమిలో దాచేకంటే రాకెట్‌లో పెట్టి పైకి పంపేయొచ్చు కదా? సహజంగా వచ్చే ప్రశ్నే. 1970లలో నాసా దీన్ని లోతుగానే పరిశీలించింది. సూర్యుడి వైపు వదిలేస్తే నిజంగానే ఇక కాపలా అక్కర్లేదు. కానీ ఆ మాట రాకెట్ భూమిని దాటాకే వర్తిస్తుంది. 1978 జనవరిలో రియాక్టర్‌తో తిరుగుతున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అదుపు తప్పి కెనడా ఉత్తర ప్రాంతంలో పడింది. వందల కిలోమీటర్ల మేర మంచులో దాని రేడియోధార్మిక ముక్కలు ఏరాల్సి వచ్చింది. 1986లో చాలెంజర్ నౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలైపోయింది. ప్రపంచంలో ఇప్పటిదాకా రియాక్టర్ల నుంచి బయటికి తీసిన ఇంధనం దాదాపు 4 లక్షల టన్నులు. దాన్ని వేల ప్రయోగాల్లో పంపాలి, ఒక్కటీ కూలకూడదు. అలాంటి హామీ ఇవ్వగల రాకెట్ లేదు.

చెవులు కాస్త దిమ్మెక్కుతున్నాయి కదా, దిగుతున్నాం మరి. మంచు పలకల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. వేడిగా ఉండే వ్యర్థాలు తమంతట తామే మంచును కరిగించుకుంటూ అడుగుకు జారిపోతాయని, అంటార్కిటికాలో వదిలేద్దామని 1950లలోనే ఒక ప్రతిపాదన వచ్చింది. 1959 నాటి అంటార్కిటికా ఒప్పందం ఆ ఖండంలో రేడియోధార్మిక వ్యర్థాలు వేయడాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఎంత మేలు చేసిందో గ్రీన్లాండ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి మంచు కింద అమెరికా సైన్యం కట్టిన క్యాంప్ సెంచరీని 1967లో వదిలేశారు. రియాక్టర్‌ను పట్టుకెళ్లారు కానీ ఇతర వ్యర్థాలను, అందులో స్వల్ప రేడియోధార్మికత ఉన్నవాటిని కూడా, అలాగే విడిచిపెట్టారు. మంచు ఎప్పటికీ కప్పి ఉంచుతుందన్న ధీమా. వాతావరణం వేడెక్కి అవి బయటపడే రోజు రావచ్చని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. శాశ్వతమనుకున్న మంచు మీద నమ్మకం 50 ఏళ్లైనా నిలవలేదు.

సముద్రం కథ ఇంకా చేదు. అక్కడ జరిగింది ఆలోచన కాదు, ఆచరణ. 1946 నుంచి దశాబ్దాలపాటు పదికి పైగా దేశాలు వ్యర్థాలను డ్రమ్ముల్లో కుక్కి సముద్రంలో పడేశాయి. తీవ్రమైన వ్యర్థాలను వేయకూడదని 1972 లండన్ ఒప్పందం చెప్పింది. పూర్తి నిషేధం 1993లో గానీ రాలేదు. సముద్రగర్భంలోని మెత్తటి మట్టిలో లోతుగా గుచ్చి దాచడం మాత్రం దీనికి భిన్నమైన ఆలోచన. దాన్ని కొన్ని దేశాలు కలిసి 1980ల చివరిదాకా శ్రద్ధగా పరిశీలించాయి. విజ్ఞానపరంగా కొట్టిపారేయదగ్గది కాదది. కానీ సముద్రం ఎవరిది? దానికి సరే అనగల ఊరు లేదు, వద్దనగల ఊరూ లేదు. అడిగేవాళ్లు లేనిచోట పని కానివ్వడం సులువు. ఆ సులువు కోసమే కదా అన్ని డ్రమ్ములు నీళ్లలో పడ్డాయి.

వ్యాన్ వేగం తగ్గింది. గాలి గొట్టాల హోరు కాక, పైనుంచి నీటిచుక్క రాతిమీద పడిన చప్పుడు వినిపిస్తోంది. గనిలో పనిచేసినవాళ్లకు ఆ చప్పుడంటే ఏమిటో తెలుసు. నీరే ఇక్కడ అసలు ప్రత్యర్థి. పాతిపెట్టినదాన్ని మళ్లీ మనుషుల దగ్గరికి మోసుకురాగలిగేది అదొక్కటే. అందుకే జర్మన్లు ఉప్పు గనులను నమ్ముకున్నారు. ఉప్పు ఉందంటే అక్కడికి కోట్ల ఏళ్లుగా నీరు చేరలేదనేగా అర్థం. తర్కం బాగానే ఉంది. కానీ వాళ్లు ఎంచుకున్న ఆసె గని, ఉప్పు కోసం అప్పటికే డొల్ల చేసిన పాత గని. 1967 నుంచి 1978 దాకా సుమారు 1,26,000 డ్రమ్ములు దించారు. తర్వాత ఉప్పునీరు ఊరడం బయటపడింది, రోజుకు 12 వేల లీటర్ల దాకా. ఆ డ్రమ్ములన్నీ తిరిగి పైకి తీయాల్సిందేనని 2013లో చట్టం చేశారు. దించడానికి పదకొండేళ్లు పట్టింది. తీయడానికి ఎన్ని దశాబ్దాలు పడతాయో!

అమెరికాలో న్యూ మెక్సికో ఎడారి కింద, 655 మీటర్ల లోతున మరో ఉప్పు పొర ఉంది. దాన్ని దీనికోసమే తొలిచారు. ఆయుధ తయారీలో మిగిలిన వ్యర్థాలను 1999 నుంచి అందులో పెడుతున్నారు. అక్కడ 2014లో ఒక డ్రమ్ము పగిలి రేడియోధార్మికత పైదాకా వచ్చింది. తడి పీల్చడానికి డ్రమ్ములో ఖనిజ పొడి వేయాల్సింది, మొక్కల నుంచి తయారైన పొడి వేశారు. అది రసాయనాలతో కలిసి వేడెక్కింది. దాదాపు మూడేళ్లు ఆ చోటు మూతపడింది. ఉప్పు చేసిన తప్పేమీ లేదు. గని తలుపు తెరిచి ఉన్నన్నాళ్లూ మనిషి పొరపాటు కూడా లోపలికి వస్తుందన్నదే ఆ సంఘటన చెప్పే సంగతి.

దిగండి. వచ్చేశాం. మీ తలమీద ఇప్పుడు 400 మీటర్లకు పైగా రాయి ఉంది. బయట మంచు కురుస్తున్నా ఎండ కాస్తున్నా ఇక్కడ పది పదకొండు డిగ్రీలే. ఈ పక్క సొరంగంలోకి రండి. అడుగు చూసుకుని వేయండి, నేలలో గొయ్యి ఉంది.

వంగి చూడండి. బావిలాంటి గుండ్రటి గొయ్యి. వెడల్పు సుమారు 1.75 మీటర్లు, లోతు 8 మీటర్లు. టార్చి వెలుగులో తొలిచిన యంత్రపు గీతలు గోడ చుట్టూ కనిపిస్తున్నాయి. రాయిని తాకండి, చల్లగా, నున్నగా ఉంది. ఇలాంటి గోతులు మూడు వేలకు పైగా తొలవాలన్నది ప్రణాళిక. ఒక్కోదాంట్లో ఒక్క క్యానిస్టర్. లోపల పోత ఇనుము గుండె, దాని గదుల్లో ఇంధన కట్టలు, చుట్టూ 5 సెంటీమీటర్ల మందం రాగి కవచం. బరువు ఇరవై టన్నులు దాటుతుంది. మూతను అతికించడానికి రాగిని కరిగించరు. గిర్రున తిరిగే పనిముట్టు రాపిడితో మెత్తబరిచి, రెండు అంచులనూ ఒకటిగా కలిపేస్తారు. ఇనుము బరువును తట్టుకుంటుంది, రాగి తుప్పును ఆపుతుంది.

గోతి పక్కన ఉన్న ఆ దిమ్మను ఎత్తగలిగితే ఎత్తి చూడండి. ముదురు బూడిదరంగులో, సబ్బులా నున్నగా, రాయంత గట్టిగా ఉంది. బెంటొనైట్ మట్టిని గట్టిగా నొక్కి చేసిన దిమ్మ. క్యానిస్టర్‌కు అడుగున, చుట్టూ, పైన ఇవే పేరుస్తారు. కర్నూలు, గుంటూరు వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు దీని గుణం విడమరిచి చెప్పక్కర్లేదు. వాన పడితే ఉబ్బి గోడల్ని పగలగొట్టే ఆ నేలలో ఉండే ఖనిజపు జాతిదే ఇది. ఇక్కడ ఆ ఉబ్బే గుణమే రక్ష. రాతి పగుళ్ల నుంచి నీరు వచ్చి తాకగానే మట్టి పొంగి ప్రతి సందునూ మూసేస్తుంది. ఇక నీరు పారలేదు, ఊరుతుందంతే, అదీ మహా నెమ్మదిగా. గోతులు నిండాక ఈ సొరంగాన్ని కూడా మట్టితో కూరి, మూతికి కాంక్రీటు బిరడా వేస్తారు. సుమారు వందేళ్లు నింపుతూ పోయి, 2120ల్లో పైదాకా మూసేయాలన్నది సంకల్పం. మొత్తం 6,500 టన్నులు. అసలు ఇంధనం లేకుండా మొత్తం ప్రక్రియను నడిపి చూసే ట్రయల్ 2024 ఆగస్టులో మొదలైంది.

మూసేశాక పంపు ఉండదు, గార్డు ఉండడు. మన ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పడానికి ప్రయత్నించిన పద్ధతి ఇంకొకటి లేదు.

జవాబు సరైనదేనా? ఈ గోతి అంచున నిలబడి ఆ మాట అడగకపోతే ఇంత దూరం వచ్చి లాభం లేదు. ఆక్సిజన్ లేని నీటిలో రాగి చెక్కుచెదరదన్నది దీనికంతటికీ ఆధారం. ఆ నీటిలో కూడా రాగి తుప్పుపడుతుందని స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు వాదించారు. ఇదే పద్ధతిని ఫోర్స్‌మార్క్‌లో అమలు చేయబోతున్న స్వీడన్‌లో ఆ వాదన కోర్టు దాకా వెళ్లింది. రాగి విషయంలో ఇంకా స్పష్టత కావాలని 2018లో అక్కడి పర్యావరణ న్యాయస్థానం చెప్పింది. మరిన్ని పరిశీలనల తర్వాత 2022 జనవరిలో గానీ ప్రభుత్వం అనుమతివ్వలేదు. సల్ఫైడ్లు రాగిని తింటాయన్న సంగతి అందరూ ఒప్పుకునేదే. అది ఎంత వేగంగా జరుగుతుందన్నదే లెక్క. ఇంకొకటి, రాబోయే మంచుయుగం. కిలోమీటర్ల మందం మంచు మళ్లీ ఈ నేలను నొక్కుతుంది. కిందటి మంచు బరువు దిగిపోయి పది వేల ఏళ్లు దాటినా ఈ తీరం ఇప్పటికీ ఏటా దాదాపు 6 మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తూనే ఉంది. రాబోయే ఆ మంచు కరిగాక మంచినీరు లోతుకు దిగి ఈ మట్టి కొట్టుకుపోయేలా చేస్తుందా అన్నది శాస్త్రజ్ఞులు నిజంగా తలపట్టుకున్న ప్రశ్న.

దీనికి సాక్ష్యం ప్రయోగశాల ఒక్కటే ఇవ్వలేదు. లక్ష ఏళ్ల ప్రయోగం ఎవరూ చేయలేరు. ప్రకృతి మాత్రం కొన్ని చేసిపెట్టింది. ఆఫ్రికాలో గాబన్ దేశపు ఓక్లో గనిలో, దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం తనంతట తానే రియాక్టర్‌లా రగిలిందని 1972లో కనుగొన్నారు. అప్పుడు పుట్టిన ప్లుటోనియం అక్కడి నుంచి కదిలింది లేదు, ఉన్నచోటనే క్షీణించిపోయింది. కెనడాలోని సిగార్ లేక్ దగ్గర, ఇంచుమించు ఈ సొరంగమంత లోతునే, ప్రపంచంలోకెల్లా చిక్కనైన యురేనియం నిక్షేపాల్లో ఒకటి ఉంది. వంద కోట్ల ఏళ్లకు పైగా మట్టి తొడుగు మధ్య పడి ఉన్నా నేలపై దాని జాడ లేదు. 1676లో మునిగిన స్వీడిష్ యుద్ధనౌక క్రోనన్ నుంచి సముద్రపు బంకమట్టిలో కూరుకుపోయిన కంచు ఫిరంగి ఒకటి దొరికింది. అందులో అత్యధిక భాగం రాగే. మూడు శతాబ్దాల్లో అది పోగొట్టుకున్నది అతి స్వల్పం. ఇవేవీ నూటికి నూరు పాళ్ల హామీలు కావు. కానీ రాకెట్ విషయంలో, మంచు విషయంలో ఈపాటి సాక్ష్యం కూడా లేదు. అందుకే నా తూకంలో లోతు రాయే బరువుగా దిగుతోంది.

ఇంకా లోతుకు వెళ్తే? మూడు నుంచి ఐదు కిలోమీటర్ల బోరుబావి తవ్వి, సన్నటి డబ్బాలు ఒకదానిమీద ఒకటి దించి, పైన మూసేయాలన్న ఆలోచన ఉంది. అంత లోతున నీరు పైనీటితో కలవనే కలవదు. కొద్దిపాటి వ్యర్థాలున్న దేశాలకు ఇది చౌక కూడా కావచ్చు. కానీ డబ్బా సగంలో ఇరుక్కుంటే చేయి పెట్టి తీసేవాళ్లుండరు. పైగా అమెరికా ప్రభుత్వం వ్యర్థాలేవీ లేకుండా ఉత్త పరీక్ష కోసం బోరు వేస్తామన్నా ఉత్తర డకోటా గ్రామీణులు 2016లో ఒప్పుకోలేదు. మరుసటి ఏడు ఆ పథకాన్నే విరమించారు. వాళ్లు భయపడింది బోరుకు కాదు. ముందు పరీక్ష అంటారు, ఆనక వ్యర్థాలు తెస్తారు అన్న అనుమానానికి.

వ్యర్థాన్ని శుద్ధి చేసి, ప్లుటోనియాన్ని మళ్లీ ఇంధనంగా వాడి, దీర్ఘాయువు మూలకాలను ఫాస్ట్ రియాక్టర్లలో విరిచేద్దామన్నది ఇంకో దారి. మన దేశం నమ్ముకున్న దారి ఇదే. దీంతో పాతాల్సిన సరుకు తగ్గుతుంది, అది ప్రమాదకరంగా ఉండే కాలమూ తగ్గుతుంది. కానీ సున్నా కాదు. ఎంత శుద్ధి చేసినా చివరికి మిగిలే వ్యర్థాన్ని గాజులో కలిపి చేసిన దిమ్మను ఎక్కడో ఒకచోట పెట్టాలి. శుద్ధి కర్మాగారంలోనే కదా మాయక్ ట్యాంకు పేలింది! కాబట్టి ఈ దారి పాతిపెట్టే పనిని తేలిక చేయగలదేమో గానీ, తప్పించలేదు.

మరి పాతినచోట హెచ్చరిక రాసిపెట్టాలా? అమెరికన్లు 1990లలో దీనికోసం నిపుణుల బృందాలను కూర్చోబెట్టారు, పది వేల ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లకు కూడా బెదురు పుట్టించే గుర్తులు ఆలోచించమన్నారు. మనకు ఈ విషయంలో అమరావతి చాలు. రెండు వేల ఏళ్ల కిందటి మహాస్తూపం, శాసనాలతో, శిల్పాలతో నిండిన చోటు. 1797లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చేనాటికి అదేమిటో చుట్టుపక్కల చెప్పగలిగేవాళ్లు లేరు. చెక్కిన రాళ్లు కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. రాత ఉంది, చదివేవాళ్లు లేరు. లక్ష ఏళ్లలో రెండు వేలు యాభయ్యో వంతు. గుర్తులు పెట్టొద్దని నేననను. వాటిమీద ప్రాణాలు ఆధారపడేలా కట్టొద్దంటాను. మరిచిపోయినా హాని చేయనంత లోతున, తవ్వుకోవడానికి విలువైన ఖనిజమేదీ లేని మామూలు రాతిలో ఉంచడం అందుకే మేలు.

పైకి వెళ్దాం. ఈ పథకాన్ని నిలబెట్టిన రెండో ఆధారం పైన ఉంది.

యూరాయోకి. ఈ ద్వీపం ఈ చిన్న మునిసిపాలిటీ పరిధిలోనిదే. 1980లలో ఫిన్లాండ్ ప్రభుత్వం గడువులు పెట్టి మరీ స్థలం వెతకమంది. చివరికి నాలుగు చోట్లు మిగిలాయి: కుహ్మో, ఆనెకోస్కి, లోవీసా, యూరాయోకి. ఆ దేశపు చట్టంలో ఒక మాట ఉంది. స్థానిక మండలి వద్దంటే ప్రభుత్వం కూడా ముందుకు వెళ్లలేదు. 2000 జనవరిలో యూరాయోకి మండలి ఓటింగ్ జరిపింది. అనుకూలం 20, వ్యతిరేకం 7. తర్వాతి ఏడాది మేలో పార్లమెంటు 159 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకించింది ముగ్గురే. ఊరికి పన్నుల రూపంలో ఆదాయం వస్తోంది, ఆ మాట దాచక్కర్లేదు. రియాక్టర్లతో ఏళ్ల తరబడి కలిసి బతికిన ఊరు కూడాను. ఆ ఏడుగురి ఓటు నాకు ఆ ఇరవై ఓట్లంత విలువైనదిగా కనిపిస్తుంది. వద్దనే హక్కు నిజంగా ఉన్నచోటే సరేనన్న మాటకు అర్థం ఉంటుంది. ఖర్చు కూడా కరెంటు అమ్మిన సంస్థల నుంచి ఏటా వసూలు చేసి, ప్రభుత్వ నిధిలో జమ చేస్తూ వచ్చారు. తమ వ్యర్థాలను వేరే దేశానికి పంపడాన్ని 1994లో చట్టం చేసి ఆపేశారు. అంతకుముందు లోవీసా రియాక్టర్ల ఇంధనం రష్యాకు వెళ్లేది.

ఇలా అడగకుండా చేసినవాళ్లు ఏమయ్యారో కూడా చూడాలి. నెవాడాలోని యుక్కా పర్వతాన్ని 1987లో అమెరికా కాంగ్రెస్ ఏకైక స్థలంగా నిర్ణయించేసింది. ఆ రాష్ట్రం రెండు దశాబ్దాలకు పైగా పోరాడింది. వందల కోట్ల డాలర్లు కుమ్మరించాక పథకం ఆగిపోయింది. జర్మనీ 1977లో గోర్లెబెన్‌ను ఎంచుకుని, తరాలు మారేంతకాలం నిరసనలు చూసి, 2020లో జాబితా నుంచి తీసేసింది. రెండు దేశాల్లోనూ వాడేసిన ఇంధనం ఈ రోజుకీ నేలమీదే ఉంది, కాపలా మధ్య.

మన సంగతి. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో తీవ్రమైన వ్యర్థాలను గాజులో కలిపి, ఉక్కు డబ్బాల్లో పోసి, గాలితో చల్లబడే గదుల్లో దాచుతున్నారు. 1980లలో భాభా అణు పరిశోధన కేంద్రం కోలార్ బంగారు గనుల్లో, దాదాపు కిలోమీటరు లోతున వాడకం ఆపేసిన చోట హీటర్లు పెట్టి, రాయి వేడిని ఎలా తట్టుకుంటుందో పరీక్షించింది. గాజు దిమ్మల పరిమాణం తక్కువ కాబట్టి లోతు నిల్వ ఇప్పట్లో అవసరం లేదన్నది ప్రభుత్వ వైఖరి. పరిమాణం తక్కువన్న మాట నిజం. కానీ ఇప్పట్లో అక్కర్లేదనడం, కాపలా బాధ్యతను మనవల చేతిలో పెట్టడమే.

మన గడప దగ్గరికే వస్తే, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తీశాక మిగిలిన బురద చెరువులో ఉంది. ఇది వాడేసిన ఇంధనమంత తీవ్రమైనది కాదు. అయితే యురేనియం తీసేసినా ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు. బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇక శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో ఆరు భారీ రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. అక్కడి మత్స్యకారులతో మాట్లాడింది ఎక్కువగా భూమి గురించి, పరిహారం గురించి. ఆ రియాక్టర్లు మూతపడ్డాక మిగిలే కట్టలు ఎక్కడుంటాయి, ఎంతకాలం, ఎవరి ఖర్చుతో అన్న సంగతి కూడా ఆ సభల్లోనే తేలాలి.

అణు విద్యుత్తు కావాలా వద్దా అన్నదాంట్లో మీరు ఏ పక్షమైనా కావచ్చు. ఇప్పటికే పోగుపడిన వ్యర్థానికి మాత్రం పక్షం లేదు, అది ఉంది. దాన్ని ఏం చేయాలన్నదానికి మచ్చలేని జవాబు ఎవరి దగ్గరా లేదు. కానీ జవాబులన్నీ సమానం కావు. కాపలా ఆగిన రోజున కూడా హాని చేయనిది, పైనున్న ఊరు చట్టం ఇచ్చిన హక్కుతో, తెలిసి ఒప్పుకున్నది, కరెంటు వాడుకున్నవాళ్లే డబ్బు కట్టినది, ఈ మూడు పరీక్షలకూ నిలబడేదే పద్ధతి. ఫిన్లాండ్‌లో 1983లో గడువులు పెట్టుకుని మొదలుపెడితే ట్రయల్‌కు రావడానికి 41 ఏళ్లు పట్టింది. మనం ఈ ఏడు మొదలుపెట్టినా ఇప్పుడు బడిలో చేరే పిల్లలు నడివయసు దాటేసరికి గానీ తేలదు. అందుకే కొవ్వాడలో మొదటి కాంక్రీటు పోయడానికి ముందే, తుమ్మలపల్లెలో తర్వాతి విస్తరణకు ముందే, ఈ మూడు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు అడగాలి. జవాబు లేదంటే, అనుమతి కూడా లేదనగలగాలి.